అక్క గూట్లో దీపం

మా నాన్నగారి ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. ఇద్దరూ రాళ్ళే. చెల్లెలు కొల్లేటి ఒడ్డున పాత గట్టు మీద, మనిషి నడుం ఎత్తున, ఒళ్ళంతా పసుపు రాసుకుని నిలబడి ఉండేది. అక్క ఊరికి ఉత్తరాన దిబ్బ మీద, ఇటుకలతో కట్టిన చిన్న గూట్లో ఉండేది. చెల్లెలికి రోజూ పసుపు, కుంకుమ, శుక్రవారం శుక్రవారం చలిమిడి, కొత్త వల నీళ్ళలో వేసే రోజున కొబ్బరికాయ. అక్కకి ఏమీ లేదు. ఏడాది పొడుగునా ఆ గూట్లో బూజే. చిన్నప్పుడు ఆడుకుంటూ ఆ దిబ్బ ఎక్కితే ఎవరో ఒకరు కేకలేసి మమ్మల్ని దింపేసేవారు.

అక్కకి దీపం పెట్టేది ఒకే ఒక్క సందర్భంలో. కొల్లేరు పొంగి, నీళ్ళు గట్టెక్కి, చెల్లెలి నెత్తి మీద పసుపు కూడా కనబడకుండా పోయినప్పుడు. అది ఏ పదేళ్ళకో ఒకసారి. అప్పుడు దిబ్బ పక్కింటాయన పెద్ద ప్రమిద నిండా నూనె పోసి, వేలెడు లావు ఒత్తి వేసి గూట్లో వెలిగించేవారు. ఆ పని వాళ్ళ ఇంటికి తాతల నాటి నుంచి వస్తోంది. గూడు పల్లపు వీధి వైపు తిరిగి ఉంటుంది. ఆ వెలుగు కనబడగానే పల్లపు వీధి జనం గొడ్లనీ, పిల్లల్నీ, ముసలివాళ్ళనీ తీసుకుని దిబ్బ మీదకి వచ్చేసేవారు. చెల్లెలు మునిగింది, అక్క రమ్మంటోంది అనుకునేవారు. దానికి అంతకంటే మంత్రం లేదు, కథ లేదు. ఆ దేవతలకి పేర్లు కూడా లేవు. పేర్లు పెట్టింది నేను.

పల్లపు వీధిలో చివరిల్లు మా మేనత్తది. మావయ్యకి ఆరేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆయన్ని మంచం మీంచి తోపుడు బండి మీదకి మార్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ బండిని దిబ్బ దాకా తోసుకెళ్ళాలంటే ముప్పావు గంట పడుతుంది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. మిగతావాళ్ళు నీళ్ళు గుమ్మంలోకి వచ్చాక లేచినా బతికి బయటపడతారు. వీళ్ళిద్దరూ దీపం చూసి లేవాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నేను ఫోన్లో ఆడే ఆటలకి కథలు రాస్తాను. ఈ మాట చెబితే ఏలూరులో నేను అద్దెకుండే ఇంటివాళ్ళు, "అయితే రోజంతా ఫోన్లో ఆడుకుంటారన్న మాటండీ," అంటారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు అవునండీ అనేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. వాళ్ళు బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మల్లో ఎవరుంటారో, ఏం తింటారో, ఏ దేవుడికి మొక్కుతారో, ఎందుకు కొట్టుకు చస్తారో నేను ఇక్కడ కూర్చుని రాస్తాను. ఒక రోజు వీడియో కాల్లో మా టీమ్ లీడ్, "సరస్సు రాజ్యం ఒకటి చేస్తున్నామండీ. ప్రకృతి దేవతలు కావాలి, జంటగా. ఒకరు నీళ్ళకి, ఒకరు నేలకి. ఇద్దరికీ పూజ ఉండాలి, ఇద్దరికీ బ్యాలెన్స్ ఉండాలి," అన్నాడు. జంట అనగానే నాకు మా ఊరి అక్కచెల్లెళ్ళు గుర్తొచ్చారు.

చెల్లెలికి నిండమ్మ అనీ, అక్కకి ఎండమ్మ అనీ పేర్లు పెట్టాను. నిండమ్మ నీళ్ళు నింపుతుంది, ఎండమ్మ నేల ఆరబెడుతుంది. నిండమ్మకి గూడబాతు వాహనం, ఎండమ్మకి ఉడుము. ఇద్దరికీ చెరో గుడి, చెరో పూజారిణి, చెరో రంగు చీర. రాస్తుంటే హుషారుగా ఉండేది. ఒక్క చోట మాత్రం ఆగాను. అసలు ఆచారం ప్రకారం అక్క గూడు చీకటిగా ఉండాలి. అది నాకు చిన్నప్పటి నుంచీ మంట.

ఎందుకంటే నేనూ అక్కనే. మా ఇంట్లో కొత్త గౌను చెల్లెలికి, "నువ్వు పెద్దదానివి కదమ్మా" అనే మాట నాకు. అది ఏడిస్తే ఎత్తుకునేవారు, నేను ఏడిస్తే తలుపు దగ్గరగా వేసేవారు. ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా పీటల మీద అది, పీటలు కడిగేది నేను. ఇదంతా ఒక రాయి మీద తీర్చుకోవడం ఏమిటని మీరు అడగొచ్చు. అడగండి. ఆటలో మాత్రం అక్కకి రోజూ దీపం పెట్టించాను. పొద్దు గూకగానే ఇద్దరికీ దీపాలు పెట్టాలి. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే రెండో ఆవిడ అలుగుతుంది. "రెండు దీపాలూ వెలుగుతున్నంతసేపు ఊళ్ళోకి నీళ్ళు రావు." ఆ వాక్యం నేనే రాశాను. రాసి, బాగుందని రెండుసార్లు పైకి చదువుకున్నాను.

ఆట బాగా నడిచింది. మా ఊరి రాళ్ళే ఆ దేవతలని తెలిసి ఊళ్ళో కుర్రాళ్ళు గంతులేశారు. కంపెనీవాళ్ళు ఒక వీడియో తీద్దామని కెమెరాలు పట్టుకుని వచ్చారు. సాయంత్రం వేళ, ఎండు గడ్డి మీద పచ్చటి ఎండ పడుతుంటే దిబ్బ చాలా అందంగా ఉంది. దీపం పెట్టమని దిబ్బ పక్కింటాయన్ని అడిగాను.

"ఊరికే పెట్టకూడదమ్మా," అన్నారు ఆయన.

"ఒక్క అయిదు నిమిషాలు, బాబాయ్ గారూ. వీడియో అయిపోగానే ఆర్పేద్దాం."

"నీళ్ళు ఎక్కడున్నాయమ్మా? చెల్లెలు పొడి కాళ్ళతో ఉంది. నేను పెట్టనండీ."

ఆయన ప్రమిద ఇచ్చారు గానీ వెలిగించలేదు. నేనే వెలిగించాను. ఆయన అటు తిరిగి నిలబడ్డారు. గూట్లో బూజు చురచుర కాలిపోయి, వెనక ఉన్న అక్క రాయి నల్లగా, పసుపు లేకుండా, మొహం కూడా లేకుండా బయటపడింది. అన్నేళ్ళలో ఆవిణ్ణి అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఏదో తప్పు చేసినట్టు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కెమెరా కుర్రాడు ఇంకోసారి చెయ్యి చాపమన్నాడు, చాపాను.

కింద పల్లపు వీధిలో ఎవరో అరిచారు. తలుపుల చప్పుడు, గొడ్ల మెడలో గంటల చప్పుడు వినిపించాయి. నలుగురైదుగురు రోడ్డెక్కి, ఆకాశం కేసి చూసి, కెమెరాలు చూసి, తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళిపోయారు. అందరూ అంతటితో ఆగారు, ఒక్క ఇల్లు తప్ప. ముప్పావు గంట తరువాత, కెమెరాలు పెట్టెల్లో సర్దుతున్నప్పుడు, అత్తయ్యా ఎదురింటి ఆయనా తోపుడు బండి తోసుకుంటూ దిబ్బ ఎక్కారు. బండి మీద మావయ్య. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. ఆయనకి అదొక పట్టుదల. అక్క దగ్గరికి బనీనుతో వెళ్ళడమేమిటని, ఎంత తొందరలోనైనా చొక్కా తొడిగి అన్ని గుండీలూ పెడితే గానీ కదిలేవాడు కాదు.

"నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయే?" అంది అత్తయ్య, రొప్పుతూ.

నేను నవ్వాను. అందరూ నవ్వారు. మావయ్య కూడా ఎడమ కనుబొమ ఎగరేసి నవ్వాడు. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. గూటి ముందు చెంపలు వేసుకుని, "లేపినందుకు ఏమీ అనుకోకు తల్లీ," అంది అక్కతో.

ఆ మర్నాటి నుంచి ఊళ్ళో డిగ్రీ చదివే కుర్రాళ్ళు వంతులు వేసుకుని రోజూ సాయంత్రం గూట్లో దీపం పెట్టడం మొదలుపెట్టారు. గూటికి సున్నం వేసి, పైన ఎండమ్మ అని ఎర్ర రంగుతో రాశారు. ఆదివారాలు పెంటపాడు నుంచీ, తాడేపల్లిగూడెం నుంచీ కార్లలో వచ్చి, ఫోన్లో ఆటా ఎదురుగా రాయీ రెండూ కనబడేలా ఫోటోలు తీసుకునేవారు. జంగారెడ్డిగూడెం నుంచి ఒక కుటుంబం కొత్తగా పెళ్ళైన జంటని తీసుకొచ్చి రెండు చోట్లా దీపాలు పెట్టించింది. ఊరి పెద్దలు నాకు శాలువా కప్పారు. పాడైపోయిన ఆచారాన్ని నిలబెట్టారండీ అన్నారు. నేను వద్దు వద్దంటూనే తల వంచాను.

అత్తయ్య మాత్రం దీపం వెలిగిన ప్రతిసారీ లేచేది. ఉత్తిదని నలుగురూ చెప్పినా లేచేది. పదకొండు సాయంత్రాలు ఆయన్ని బండెక్కించి దిబ్బ దాకా తీసుకెళ్ళి, మళ్ళీ చీకట్లో దింపుకొచ్చింది. పన్నెండో రోజున ఎదురింటి ఆయన నాకు ఫోన్ చేశారు.

"ఏవండీ, మీ అత్తయ్యగారికి మీరైనా చెప్పండి. పొద్దున్నంతా చేపల చెరువు పని, సాయంత్రం ఈ బండి. నేనూ మనిషినేనండీ. ఆ గతుకుల్లో ఆయనకి ఒళ్ళంతా హూనమైపోతోంది."

మర్నాడే దెందులూరు మీదుగా ఆటోలో వెళ్ళాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అక్కడి నుంచి చూస్తే చెరువుల మీదుగా దిబ్బా, గూడూ తిన్నగా కనబడతాయి.

"అత్తయ్యా, అది ఉత్తి దీపం. పిల్లలు సరదాకి పెడుతున్నారు," అన్నాను.

"దీపాల్లో ఉత్తివీ నిజంవీ ఉంటాయిటే?"

"ఉంటాయి. ఇది ఉత్తిది."

"అయితే నిజంది పెట్టిన రోజున నాకెలా తెలుస్తుంది?"

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నేను అలాంటిదాన్ని. ఎవరేం అడిగినా జవాబు లేకుండా వెళ్ళను. కొత్త ఫోన్ ఒకటి కొని తీసుకెళ్ళాను, వానకి తడవకుండా ప్లాస్టిక్ కవరుతో సహా. నంబరు నాదొక్కటే వేశాను. "నీళ్ళు చెల్లెల్ని ముంచగానే దిబ్బ మీది బాబాయ్ గారు నాకు ఫోన్ చేస్తారు. నేను మీకు చేస్తాను. నా ఫోన్ మోగితే లేవండి. దీపం చూసి లేవద్దు," అన్నాను.

మంచం మీంచి మావయ్య ముద్దముద్దగా ఏదో అన్నాడు. అత్తయ్య నవ్వి నాకు చెప్పింది. "అక్క దగ్గర ఫోను లేదు కదా అంటున్నారు."

"నా దగ్గర ఉంది కదా మావయ్యా," అన్నాను. తరువాత అత్తయ్య చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకుని, దీపం చూసి లేవనని ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఒట్టు వేసింది. నా మీద వేసిన ఒట్టు ఆవిడ తప్పదు.

దిబ్బ ఎక్కి బాబాయ్ గారికి నా నంబరు కాగితం మీద రాసి ఇచ్చాను. అత్తయ్యకి ఫోన్ చేసే పని నాదనీ, ఆయన నాకు చెబితే చాలనీ చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నాకు తెలిసింది దీపం పెట్టడమేనమ్మా. అయినా చేస్తానులెండి," అన్నారు.

కుర్రాళ్ళ హుషారు ఎన్నాళ్ళుంటుంది? మూడు నెలలు తిరిగేసరికి పరీక్షలొచ్చాయి, వంతులు పోయాయి. ఇక దీపం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఎవరో దాత గూటి మీద సోలార్ దీపం పెట్టించాడు. వెలుతురు తగ్గితే దానంతటదే వెలుగుతుంది, తెల్లారితే దానంతటదే ఆరిపోతుంది. ఎవరూ వెలిగించనక్కర్లేదు. ఎవరూ ఆర్పలేరు కూడా, స్విచ్చి పెట్టెకి తాళం వేశారు. తరువాత నేను వెళ్ళినప్పుడు బాబాయ్ గారు దాని కింద నిలబడి పైకి చూస్తున్నారు. మధ్యాహ్నం మబ్బు పట్టినా వెలిగిపోతోందమ్మా అన్నారు. "దీని పక్కన నా ప్రమిద ఎవరికి కనబడుతుందండీ?" అని అడిగారు. నా నంబరు ఉంది కదండీ అన్నాను.

"అక్కకి నిద్ర లేకుండా పోయిందమ్మా," అన్నారాయన. కోపంగా కాదు. ఒంట్లో బాగాలేని మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. విన్నాను. అయినా ఏమీ చెయ్యలేదు.

ఆ ఏడాది వానలు ఆలస్యంగా వచ్చి ఒక్కసారే పడ్డాయి. పైనుంచి తమ్మిలేరూ బుడమేరూ రెండూ కొల్లేట్లోకి దిగాయి. సముద్రంలోకి పోవలసిన నీళ్ళు ఉప్పుటేరులో వెనక్కి తన్నాయి. నేను ఆ రోజు తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. వాళ్ళ సత్యనారాయణ వ్రతం. పొద్దున్నే అత్తయ్యకి ఫోన్ చేశాను.

"చెల్లెలికి నడుం దాకా వచ్చాయిట," అంది.

"కంగారు పడకండి. నేను చేస్తాను కదా."

"నాకేం కంగారే. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను."

వర్జ్యం దాటాక, మధ్యాహ్నం వ్రతం మొదలుపెట్టారు. పీటల మీద చెల్లెలూ, మరిదిగారూ. పెద్దదాన్ని కదా అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి అక్షింతలు చేతిలో పెట్టారు. ఆ మర్యాద నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా నచ్చింది. మూడో అధ్యాయం నడుస్తుండగా ఒళ్ళో ఫోన్ వణికింది. బాబాయ్ గారి నంబరు. ఆగి, మళ్ళీ వణికింది. ఆయన మరే సంగతికీ నాకు ఫోన్ చెయ్యరు. ఎత్తకుండానే నాకు విషయం తెలిసిపోయింది.

లేవబోయాను. చెల్లెలు పీటల మీంచి నా కేసి చూసి, కళ్ళతోనే కూర్చో అక్కా అంది. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "కథ మధ్యలో లేవకూడదండీ," అని చెవిలో చెప్పింది. లేస్తే ఏమవుతుందో, ప్రసాదం తీసుకోకుండా వెళ్ళినవాళ్ళకి ఏమయిందో ఆ కథలోనే ఉంది, చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నేను దేవతల్ని తయారుచేసే మనిషిని. ఏ పూజ తప్పితే ఏ శిక్షో కంప్యూటర్ ముందు కూర్చుని నిర్ణయించేదాన్ని. అటువంటిదాన్ని, భయపడి కూర్చున్నాను. వాళ్ళకి కావలసింది ముప్పావు గంట కదా, నీళ్ళు ఊళ్ళోకి రావడానికి ఇంకా రెండు గంటలైనా పడుతుంది, అరగంటలో కథ అయిపోతుంది అని లెక్క వేసుకున్నాను. లెక్క తప్పు కాదు కూడా. నీళ్ళు నిజంగానే రెండు గంటల తరువాతే వచ్చాయి.

అయిదో అధ్యాయం అయింది. హారతి అయింది. ప్రసాదం తీసుకుని, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుని వరండాలోకి వచ్చి అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆ నంబరు అందుబాటులో లేదంది. బాబాయ్ గారిదీ అంతే. ఎదురింటి ఆయనదీ అంతే. కొల్లేటి పక్కన టవర్లన్నీ పోయాయని మరిదిగారు ఎవరినో కనుక్కుని వచ్చి చెప్పారు. ఎప్పుడు పోయాయని అడిగాను. ఇప్పుడేనండీ, పది నిమిషాలైంది అన్నారు.

చెప్పులు కూడా ఎక్కడున్నాయో చూసుకోలేదు. దొరికిన బస్సెక్కి హైవే మీద దిగి, ఆటో దొరికితే ఎక్కి, ఊరికి రెండు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు నీళ్ళలోకి దిగిపోయిన చోట ఆగాను. అప్పటికే జనం గుమికూడి ఉన్నారు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. నీళ్ళకి అవతల దిబ్బ కనబడుతోంది. దిబ్బ మీద తెల్లటి సోలార్ దీపం. దాని పక్కన, బాగా చూస్తే, పచ్చగా ఇంకొకటి. బాబాయ్ గారు పెట్టిన ప్రమిద.

నాకు అది రెండు దీపాలని తెలుస్తోంది. పల్లపు వీధి చివరింటి గుమ్మంలోంచి చూస్తే ఒకే వెలుగు కనబడుతుంది, రోజూ కనబడేదే. ఆ గుమ్మంలో అత్తయ్య కూర్చుని ఇదే దీపాన్ని చూస్తోందని నాకు తెలుసు. చేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తోందని తెలుసు. "లేవండి అత్తయ్యా," అని అరిచాను. రెండు కిలోమీటర్ల నీళ్ళ మీద అరిచాను. పక్కనున్న వాళ్ళు నన్ను పట్టుకున్నారు. అలా అరుస్తుండగానే లోపలి నుంచి నాటు పడవ మీద వచ్చిన ఒకతను, పెద్ద చేపల చెరువు గట్టు తెగిందండీ, పల్లపు వీధి మీద పడింది అని చెప్పాడు.

తెల్లారాక నన్ను పడవలో తీసుకెళ్ళారు. దారిలో తెలిసింది ఇది. వీధిలో వాళ్ళు గట్టు తెగక ముందే ఒకరి తరువాత ఒకరు బయల్దేరారు. వెళుతూ అత్తయ్యని పిలిచారు. "మా అమ్మాయి ఫోన్ చెయ్యలేదు బాబూ. చెయ్యగానే వస్తాం, మీరు పదండి," అందిట. బండి తోసే ఎదురింటి ఆయన చెరువు గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నారు. ఆయన ఈదుకుంటూ వచ్చేసరికి ఇంట్లో నీళ్ళు గొంతు దాకా ఉన్నాయి. అత్తయ్య కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో మావయ్య తల పైకి ఎత్తి పట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందో ఎవరికీ తెలియదు. అప్పటికే ఆయన లేడు.

ఆయన్ని దిబ్బ మీద, గూటి ముందు పడుకోబెట్టారు. తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. అన్ని గుండీలూ పెట్టే ఉన్నాయి. అంటే నీళ్ళు రాక ముందే ఆయన్ని తయారుచేసి ఉంచింది. తయారై, నా ఫోన్ కోసం ఇద్దరూ కూర్చున్నారు.

అత్తయ్య ఆయన పక్కనే కూర్చుని ఉంది. ఏడవట్లేదు. నన్ను చూడగానే ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫోన్ తీసి నా చేతికి ఇచ్చింది.

"ఇదేమైనా పాడైపోయిందేమో చూడవే," అంది. "మోగలేదు."

చూశాను. నీళ్ళు కారి చచ్చిపోయి ఉంది. "అవునత్తయ్యా, పాడైపోయింది," అన్నాను. ఈ రోజు దాకా ఆవిడకి అదే తెలుసు. కథ సంగతీ, ప్రసాదం సంగతీ ఆవిడకి చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు. అత్తయ్యకి చదువు రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బాబాయ్ గారు ఆ సోలార్ దీపాన్ని గొడ్డలితో కొట్టి పడేశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. గూట్లో మళ్ళీ చీకటే. ఆటలోంచి దీపం తీసెయ్యమని టీమ్ లీడ్‌ని అడిగాను. పాపం, విని చాలా బాధపడ్డాడు. తరువాతి అప్‌డేట్‌లో తప్పకుండా చూద్దామండీ అన్నాడు. ఇంకా తియ్యలేదు. రెండు దీపాలూ వెలుగుతున్నంతసేపు అక్కడి ఊళ్ళోకి నీళ్ళు రావు.

అత్తయ్య ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పై వాటా, నీళ్ళు రావు. ఆ చచ్చిపోయిన ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది. కొత్తది కొంటానంటే వద్దంది. సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టగానే మంచం మీంచి తలెత్తి, "ఇది ఉత్తిదేనా అమ్మాయ్?" అని అడుగుతుంది. రోజూ అడుగుతుంది. మొదట్లో ఉత్తిదే అత్తయ్యా, పడుకోండి అనేదాన్ని. ఆ మాట నోటికి రావడం మానేసి చాలా రోజులైంది.

ఈ వారమంతా మళ్ళీ వాన. నిన్న సాయంత్రం తమ్మిలేరు పొంగుతోందని కింది వాటా వాళ్ళు అనుకుంటున్నారు. నేను దీపం పెట్టాను. ఆవిడ అడిగింది. మళ్ళీ అడిగింది. నేను వంగి దీపాన్ని ఆర్పేశాను.

"పోనీలే," అంది అత్తయ్య. "నిజందైతే నువ్వు ఫోన్ చేస్తావుగా."

తలగడ కింద చెయ్యి పెట్టి ఫోన్ ఉందో లేదో చూసుకుని, అటు తిరిగి పడుకుంది.